అవతలి మనిషి

కుడి పక్కటెముకల కింద, చర్మం లోపల, రూపాయి బిళ్ళంత మర ఒకటి డెబ్బై రెండు వారాలపాటు మంగతాయారు ఒంట్లో పనిచేసింది. దాన్ని ఆపేసిన రోజున ఆమెకేమీ తెలియలేదు.

డాక్టర్ నఫీసా ఆమెను బల్లమీద పడుకోబెట్టి, చేతిలోని చిన్న యంత్రాన్ని ఆ చోట ఆనించి, "ఆపేస్తున్నానండీ" అంది. యంత్రం ఒకసారి కూసింది. గోడ గడియారంలో పదకొండూ పది.

"ఏమైనా తేడాగా ఉందా మంగతాయారు గారూ?"

"లేదమ్మా. చల్లగా తగిలింది, అంతే."

"మందు కూడా నిన్నటితో అయిపోయింది. ఇక పన్నెండు వారాలు మామూలుగా బతకండి. పన్నెండో వారంలో రక్తం తీస్తాం. అప్పుడు కూడా వైరస్ కనపడకపోతే మీకు పూర్తిగా నయమైనట్టు."

బయట వరండాలో భర్త దేవుళ్ళు లేచి నిలబడి ఉన్నాడు. పరిశోధన కేంద్రం గేటు దగ్గర ఆగి కొబ్బరిబోండాలు కొట్టించాడు. ఇద్దరూ కాకినాడ నుంచి ఉప్పాడ బస్సెక్కి ఇంటికి వచ్చేశారు. అన్నం తిని మంగతాయారు నడుం వాల్చింది. నాలుగు గంటలైంది, నాలుగున్నర అయింది. అప్పుడు తెలిసింది ఆమెకు. లేచి కూర్చుని కుడిపక్క అరచెయ్యి వేసుకుని, ఎండ గుమ్మం దాటి పోయేవరకూ అలాగే ఉండిపోయింది.

ఆమెకు హెపటైటిస్ సి ఎప్పుడు అంటుకుందో ఎవరికీ తెలీదు. చిన్నప్పుడు తీర్థంలో పచ్చబొట్టు పొడిపించుకుంది. ఒకే సూదితో వరసగా అందరికీ పొడిచారు. అదే అయ్యుంటుందని డాక్టర్ల ఊహ. నలభై మూడో ఏట కాళ్ళు వాచి, కళ్ళు పచ్చబడి మంచాన పడ్డాకే సంగతి బయటపడింది. అందరికీ మూడు నెలల్లో నయంచేసే మాత్రలు ఆమె రెండు విడతలు మింగింది. లొంగలేదు. ఆమెలో చేరింది మొండిరకం.

ఆ మొండిరకానికి మందు లేకపోలేదు. కాకపోతే దాని ఘాటుని ఆరోగ్యంగా ఉన్న కాలేయమే కష్టంమీద తట్టుకుంటుంది, జబ్బుపడినది ఎక్కడ తట్టుకుంటుంది? పని, విశ్రాంతి, మళ్ళీ పని అంటూ ఒక లయ తప్పకుండా నడిచే కాలేయమైతేనే ఆ మందుకు నిలబడగలదు. జబ్బు మొట్టమొదట చెడగొట్టేది ఆ లయనే. నఫీసా, ఆమె తోటివాళ్ళూ ఆరేళ్ళు కుస్తీ పట్టి దీనికొక ఉపాయం కనిపెట్టారు. లయ తప్పిన రెండు కాలేయాలను ఒకదానికొకటి వినపడేలా చేస్తే రెండూ సర్దుకుంటాయి. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు దంచుతుంటే, ఎవరూ లెక్క చెప్పకుండానే ఒకరి పోటు తర్వాత ఒకరి పోటు పడ్డట్టు. ఒకరి ఒంట్లోని బిళ్ళ విన్న కదలికను ఫోను సంకేతంలాగే గాల్లో పంపుతుంది. రెండోవారి ఒంట్లోని బిళ్ళ అందుకుని అక్కడి నరాన్ని మెల్లగా తడుతుంది. ఆ రెండోవారు ఎక్కడివారో, ఆడో మగో ఇద్దరికీ చెప్పరు. అది నిబంధన. తమది తొమ్మిదో జంట అన్నది తప్ప మంగతాయారుకి ఇంకేమీ తెలీదు.

కాలేయం లయతోపాటు ఇంకా చాలా దాటి వస్తాయని ఎవరూ అనుకోలేదు.

ఆరో వారంలో మొదలైంది. మధ్యాహ్నం నాలుగింటికి, చాపమీద కదలకుండా పడుకుని ఉండగా, తొడలు లాగి గుండె దడదడ కొట్టుకునేది, ఎవరో తనను మోసుకుంటూ మెట్లెక్కుతున్నట్టు. ఆ దడ తగ్గాక లోపలికొక నెమ్మది దిగేది. ఒంటినిండా గాలాడినట్టు ఉండేది. మందు తెచ్చే వాంతులూ, నోటి చేదూ, ఎముకల్లో మంటా ఆ అరగంటసేపు ఆమె జోలికొచ్చేవి కావు. ఆ అరగంట కోసమే ఆమె మిగతా రోజంతా ఓర్చుకునేది. ఒక శ్రావణంలో వరసగా నాలుగు రోజులు ఏ కారణమూ లేకుండా గుండె బరువెక్కిపోయింది. అది తన దుఃఖం కాదని ఆమెకు తెలుసు. బిళ్ళమీద చెయ్యి వేసుకుని, "ఏం పర్లేదు, ఏం పర్లేదు" అని రోజంతా గొణుక్కుంది. ఆ మాట అవతలికి చేరిందో లేదో తెలీదు.

మనసులో ఆమె పెట్టుకున్న పేరు 'అవతలి మనిషి'.

ఇప్పుడు ఆ మనిషి లేడు.

పదిహేను రోజులు గడిచాయి. కళ్ళలో పచ్చదనం పోయింది. మజ్జిగా గంజీ మానేసి మామిడికాయ పప్పు తింటోంది. ఏడాదిన్నరగా ఆమె కోసం వేరే గ్లాసు పెట్టిన తోడికోడలు వీరలక్ష్మి, ఇప్పుడు అందరి గ్లాసులతో పాటే ఆమెకూ కాఫీ తెచ్చిచ్చింది.

"నయమైపోయిందిగా అక్కా, ఇంకా అలా ఉంటావేం? దేవుడి దయవల్ల బయటపడ్డావు" అంది.

ఆ గ్లాసు కోసం మంగతాయారు ఒకప్పుడు ఎంత ఏడ్చిందో! ఇప్పుడు చేతిలోకి తీసుకుంటే అది వట్టి స్టీలు గ్లాసులాగే ఉంది.

నెలయ్యాక మగ్గమెక్కింది. ఉప్పాడ జాందానీ చీర నేయాలంటే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. పోగుల కింద పరిచిన కాగితంలోని పువ్వు చూస్తూ, చెరో సగం జరీ చేత్తో ఎక్కించి, ఇద్దరూ ఒకేసారి ముగించాక అడ్డపోగు తీసుకెళ్ళే నాడె విసరాలి. దేవుళ్ళు, మంగతాయారు అలా ఇరవై రెండేళ్ళు కూర్చున్నారు. ఆమె మంచాన పడ్డాక అతను పిన్నమ్మ కొడుకుని పక్కన పెట్టుకుని లాక్కొచ్చాడు. ఇప్పుడు ఆమె చోటు ఆమెకు ఖాళీ అయింది కానీ, చేతులు కలవడం లేదు. ఒకసారి ఆమెది ముందే అయిపోతుంది, ఒకసారి అతను ముగించి చూస్తూ కూర్చోవాలి. గంటకే నీరసం కమ్మేస్తుంది. దేవుళ్ళు మాట అనడు. నాడె చేతిలో పట్టుకుని ఆగుతాడు.

నాలుగు కాగానే మాత్రం ఆమె చేతులు వాటంతటవే ఆగిపోయేవి. కళ్ళు గోడమీద నిలిచేవి. అతను అదీ చూశాడు. నీరసమనే అనుకున్నాడు.

తొమ్మిదో వారంలో కేంద్రం నుంచి ఫోనొచ్చింది, ఒకసారి వచ్చి మాట్లాడమని. ఇద్దరూ వెళ్ళారు. నఫీసా గదిలో బల్లనిండా కాగితాలు. ఆమె మొహం పీక్కుపోయి ఉంది.

"మొత్తం పద్నాలుగు జంటలు" అంది. "ఇరవై ఎనిమిది మందిలో ఇరవై ఆరుగురికి ఇప్పటివరకూ వైరస్ కనపడలేదు. ఇంకెక్కడా ఇంత ఫలితం రాలేదు. ఇంకో నూట ఇరవై మంది ఈ చికిత్స కోసం కాచుకుని ఉన్నారు. వాళ్ళకి ఎక్కువ టైము లేదు. కానీ..." కలం మూత పెట్టింది, తీసింది. "నయమైనవాళ్ళు బాగుండటం లేదు. ఒకాయన అన్నం మానేశాడు. ఒకమ్మాయి రోజూ ఈ గేటు దగ్గరికొచ్చి కూర్చుంటోంది. మీరెలా ఉన్నారో దాచకుండా చెప్పండి."

మంగతాయారు చీర కొంగు వేలికి చుట్టుకుంది. "ఒక మాట అడగొచ్చా అమ్మా?"

"అడగండి."

"పన్నెండో వారంలో మళ్ళీ వైరస్ కనపడిందనుకోండి. మళ్ళీ బిళ్ళ వెయ్యాలి కదా. అప్పుడు ఆ మనిషితోనే కలుపుతారా? ఇంకొకరితోనా?"

నఫీసా రాయడం ఆపేసింది. దేవుళ్ళు భార్యకేసి తిరిగాడు. ఆమె అతనికేసి చూడలేదు.

"మీరు కావాలనుకుంటున్నారా, మళ్ళీ రావాలని?" మెల్లగా అడిగింది నఫీసా.

"తెలీదమ్మా. ఊరికే అడిగాను."

"ఆరేళ్ళూ కలపడం ఎలాగన్నదే ఆలోచించాం" అంది నఫీసా, వాళ్ళతో అన్నట్టు కాదు. "విడదీయడం గురించి ఒక్కపూట కూడా ఆలోచించలేదు."

లేచేముందు ఆమె ఇంకో సంగతి చెప్పింది. పన్నెండో వారం దాటాక, ఇద్దరూ ఒప్పుకుంటే, జంటలను కలవనివ్వాలని అనుకుంటున్నారట. మంగతాయారు ఆ కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టింది.

ఆ రోజూ ఆ మర్నాడూ దేవుళ్ళు మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున్న మగ్గం దగ్గర ఆమె వచ్చి పక్కన కూర్చోగానే నాడె కింద పెట్టేశాడు.

"నాకు చదువు లేదు తాయారూ. ఆ బిళ్ళ సంగతులు నాకు తెలీవు. ఒక్కటే చెప్పు. మళ్ళీ ఆ రోగం రావాలని కోరుకుంటున్నావా?"

"రోగం కాదు బావా."

"రోగం రాకుండా ఆ బిళ్ళ ఎలా వస్తుంది? రక్తం కక్కుకున్నావు నువ్వు. నేను చేత్తో పట్టాను. మరిచిపోయావా?"

"మరిచిపోలేదు."

"మరి?"

ఆమె జరీ పోగు వంక చూసింది. "ఒంట్లో ఇంకొకళ్ళున్నారు బావా ఏడాదిన్నర. మాటల్లేవు, మొహం లేదు. నాకు భయమేస్తే వాళ్ళకి తెలిసిపోయేది. వాళ్ళు కుదుటపడితే నేనూ కుదుటపడేదాన్ని. ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను. ఇంత ఖాళీగా ఉంటుందా మనిషికి లోపల? ముందు కూడా ఇలాగే ఉండేదేమో, నాకు తెలీలేదేమో."

"నేను పక్కనే ఉన్నాను కదా" అన్నాడు దేవుళ్ళు.

ఆమె జరీ పోగు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. అతను లేచి, చొక్కా తొడుక్కుని, సముద్రం వైపు వెళ్ళిపోయాడు. అన్నం వేళకు తిరిగొచ్చి ఏమీ జరగనట్టే తిన్నాడు. ఆ తర్వాత మూడు వారాలూ వాళ్ళు మగ్గం మీద కూర్చున్నంతసేపూ పువ్వు గురించి తప్ప ఇంకేదీ మాట్లాడుకోలేదు.

పన్నెండో వారంలో రక్తం తీశారు. ఐదు రోజుల తర్వాత ఫలితం కోసం రమ్మన్నారు. నఫీసా కాగితం ఆమె వైపు తిప్పింది.

"లేదండీ. ఎక్కడా లేదు. పూర్తిగా పోయింది. ఇక రాదు."

"ఇక రాదా?"

"రాదు."

మంగతాయారు రెండు చేతులూ మొహానికి అడ్డంపెట్టుకుని ఏడ్చింది. అది సంతోషమని చెప్పడానికి ఆ గదిలో ఎవరికీ ధైర్యం చాలలేదు. దేవుళ్ళు ఒక్కడే కాగితాన్ని చేతిలోకి తీసుకుని, చదవడం రాకపోయినా, పైనుంచి కిందదాకా చూసి, మడత నలగకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"మీ జంటలో రెండో ఆయన కూడా వచ్చారు" అంది నఫీసా. "ఆయనకీ పోయింది. పక్క గదిలో ఉన్నారు. మీరు సరేనంటేనే."

దేవుళ్ళు వరండాలోనే ఉండిపోయాడు. మంగతాయారు లోపలికి వెళ్ళింది.

కిటికీ దగ్గర బెంచీ మీద అరవై ఏళ్ళ మనిషి కూర్చుని ఉన్నాడు. నల్లగా, సన్నగా, ఖాకీ చొక్కా, మెడలో తువ్వాలు. ఆమెను చూసి లేవబోయి, లేవకుండా ఆగాడు.

"నువ్వేనేటమ్మా?" అన్నాడు. "ఆడమనిసి అనుకోనేదు నాను. నాలాటి ముసిలోడెవుడో అనీసి అనుకున్నాను."

"నేను మిమ్మల్ని కుర్రాడనుకున్నానండి. నాలుగింటికి గుండె అలా కొట్టుకునేది మరి."

అతను పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. అతని పేరు అప్పలనర్సయ్య. శ్రీకాకుళం అవతల సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో నీళ్ళ ట్యాంకు చూసుకుంటాడు. "నూటపది మెట్లమ్మా. రోజూ నాలుగుకి ఎక్కీసి నీరెంతుందో సూసీవోడిని. ఒంట్ల బాగునేకపోయినా మాన్నేదు. పైన కాసేపు కూకుండీవోడిని. గాలి తగుల్తాది."

"ఆ గాలి నాకు తెలుసు" అంది మంగతాయారు.

ఎన్నో అడగాలని వచ్చింది ఆమె. కానీ ఎదురుగా కూర్చున్న ఈ మనిషి కొత్తవాడు. బస్సులో పక్క సీట్లో కూర్చుంటే రెండోసారి చూసి ఉండేది కాదు. తను పన్నెండు వారాలుగా కాచుకున్నది ఈ మొహం కోసం కాదు.

"శ్రావణంలో నాలుగు రోజులు మీకేమైందండీ?" అని అడిగింది చివరికి.

అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నా కుక్క సచ్చిపోనాది. పదకొండేళ్ళు నాతోనే ఉన్నాది. నవ్వకమ్మా."

"నవ్వట్లేదండి. నేనూ ఏడ్చాను దానికి."

అప్పలనర్సయ్య ముందుకు వంగాడు. "మరి నానొకటి అడగాల. అందుకే వొచ్చినాను ఇంత దూరం. పొద్దున్న మందేసుకున్నాక, ఎనిమిది, ఎనిమిదిన్నర ఆ టయాన, నీ కాడికి ఎవులొచ్చీవోరు?"

"ఎవరూ రారండీ. అప్పుడు ఒళ్ళంతా మండిపోయేది. పడుకునేదాన్ని."

"కాదు, ఎవులో వొచ్చీవోరు." అతని గొంతు తగ్గింది. "ఒళ్ళు బిగుసుకుపోయి ఉండీది కదా, సరిగ్గా అప్పుడు వదిలీసీది. ఇంక బయం నేదు, మనోడొచ్చీసినాడు అన్నట్టుండీది. ఆ టయానికి ఏ పనిల ఉన్నా ఒగ్గీసి కూకుండిపోయీవోడిని. నాకెవులూ నేరమ్మా. నాకాడికి అలగ ఒక మనిసొచ్చి ముప్పై ఏళ్ళయింది. ఇప్పుడు పొద్దున్న ఎనిమిదైతే గుమ్మం కాడ నిలబడిపోతన్నాను."

మంగతాయారు వెనక్కి తలుచుకుంది. ఎనిమిదింటికి ఎవరొచ్చేవారు? అప్పుడు గుర్తొచ్చింది. ఎనిమిదింటికి దేవుళ్ళు మగ్గం దిగి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చునేవాడు. వాచిన పాదాలు ఒళ్ళో పెట్టుకుని, ఏమీ మాట్లాడకుండా, మంట తగ్గేదాకా నొక్కేవాడు. ఏడాదిన్నరలో ఒక్కరోజు తప్పలేదు. ఆమె ఎప్పుడూ గోడవైపు తిరిగి, నాలుగెప్పుడవుతుందా అని పడుకునేది. అతని చేతుల కింద తన ఒళ్ళు వదులవుతోందని ఆమెకు తెలియనే లేదు. ఎక్కడో వంద కోసుల దూరాన ఉన్న ఈ ముసలాయనకి తెలిసింది.

"మా ఆయనండీ" అంది.

"ఉన్నాడా? ఇక్కడికి వొచ్చినాడా?"

ఆమె తలుపు తీసి పిలిచింది. దేవుళ్ళు గుమ్మంలో నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, నమస్కారం చేశాడు.

"బాబూ, ఒక్క నిమిసం నా పక్కని కూకుంటావేటి?" అన్నాడు అప్పలనర్సయ్య.

దేవుళ్ళు భార్యకేసి చూశాడు. ఆమె తలూపింది. అతను వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. కిటికీలోంచి కేంద్రం తోటలో మోటారు చప్పుడు వినపడుతోంది. ఒక నిమిషం గడిచింది, రెండు గడిచాయి. దేవుళ్ళు ఊపిరి కూడా గట్టిగా తీయలేదు.

అప్పలనర్సయ్య కళ్ళు తెరిచి తల అడ్డంగా ఆడించాడు.

"నేదు. అది నీ కాడ నేదు బాబూ. ఈ తల్లి ఒంట్ల ఉండీది." అతను లేచి దేవుళ్ళు భుజం తట్టాడు. "ఏటనుకోకు. మంచోడివి. నాకు రైలుకి టయమైపోతన్నాది."

గుమ్మం దగ్గర మంగతాయారు ముందు ఆగాడు గానీ ఫోను నంబరు అడగలేదు. ఆమె కూడా అడగలేదు. అతను వరండా చివరిదాకా నడిచి, మెట్లు దిగే ముందు ఒకసారి ఒగర్చి, కిందికి దిగిపోయాడు.

నఫీసా దగ్గర ఇంకొక కాగితం మిగిలింది. కాచుకున్న నూట ఇరవై మందికి ఈ చికిత్స మొదలుపెట్టాలా వద్దా అని నయమైనవాళ్ళ మాట అడుగుతున్నారు.

"మీరు రాయండమ్మా, నేను చెప్తాను" అంది మంగతాయారు. "మొదలుపెట్టమని రాయండి. బతకాలి కదా. కానీ ఒకరి పేరు ఒకరికి చెప్పండి, మొదటిరోజే. ఆఖర్న ఒక్కసారిగా ఆపెయ్యకండి, కొంచెం కొంచెంగా ఆపండి. ఇంకోటి... ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి ముందే చెప్పండి, మీ మనిషి కొన్నాళ్ళు మీ పక్కనే ఉన్నా మీ దగ్గర ఉండరని."

నఫీసా ఆ చివరిమాట రాసి, కలం ఆపి, కాసేపు ఆ వాక్యాన్నే చూసింది. తర్వాతి విడత నాలుగు నెలలు ఆలస్యంగా, ఆ మూడు షరతులతోనే మొదలైంది. మంగతాయారుకి ఆ సంగతి ఉత్తరంలో తెలిసింది.

ఆ రోజు తిరుగు బస్సులో జనం లేరు. సముద్రం కోసేసిన రోడ్డు దగ్గర డ్రైవరు బస్సును మెల్లగా పోనిస్తున్నాడు. రాళ్ళ మీద పడ్డ అలల తుంపర కిటికీలోంచి లోపలికొస్తోంది. ఇద్దరి మధ్యా సీటుమీద ఆమె చేతిసంచీ ఉంది.

"ఏం దొరుకుతుందనుకున్నాడంట ఆయన, నా పక్కన కూర్చుంటే?" అని అడిగాడు దేవుళ్ళు.

ఆమె చెప్పింది. ఎనిమిది గంటల సంగతి, తన పాదాల సంగతి, ముప్పై ఏళ్ళ సంగతి. ఎక్కడా ఆగకుండా, కిటికీ బయటికి చూస్తూ చెప్పింది. అతను విన్నాడు.

"ఇంకా ఉందా, ఆ ఖాళీ?"

"ఉంది బావా. పోతుందో లేదో తెలీదు."

అతను ముందు సీటు కడ్డీ పట్టుకుని, దాని మీద రాలిన రంగు పెచ్చుల్ని బొటనవేలితో గీకాడు.

"అదెలా ఉంటుందో నాకూ కొంచెం తెలుసులే" అన్నాడు. "నీకు పన్నెండు వారాలు. నాకు ఎనభై నాలుగు."

అతనేమన్నాడో అర్థం కావడానికి ఆమెకు కొంతసేపు పట్టింది. బిళ్ళ పనిచేసిన డెబ్బై రెండూ, ఆపాక పన్నెండూ. మధ్యలో ఉన్న సంచీని తీసి అవతలిపక్క పెట్టి, అతని వైపు జరిగి కూర్చుంది.